టన్నులు సరే, దేని టన్నులు?

నేను జియాలజిస్ట్‌ని, భూమిలో ఖనిజం ఎంతుందో లెక్కేసే పని. నిన్న దిల్‌సుఖ్‌నగర్‌లో మా మేనమామ వాళ్ళింట్లో భోజనానికి కూర్చున్నామా, పప్పు కలుపుకునేలోపే మొదలెట్టాడు. "ఏందిరా అల్లుడా, యూపీ సోన్‌భద్రల మూడు వేల మూడొందల టన్నుల బంగారం దొరికిందంట, మీరేమో రాళ్ళు సంకల వెట్టుకొని తిరుగుతుండ్రు" అని. 2020 ఫిబ్రవరి నాటి ఫార్వర్డ్ అది, ఇంకా చావలేదు. అప్పుడే జీఎస్ఐ (కేంద్ర భూగర్భ సర్వే సంస్థ) వాళ్ళు చెప్పారు కదా, అక్కడున్నది 52,806 టన్నుల ముడి ఖనిజం, టన్నుకి సగటున 3.03 గ్రాముల బంగారం అని. ఫోన్‌లో గుణించి చూస్కోండి, 160 కిలోలు వస్తుంది. 3,350 టన్నులెక్కడ, 160 కిలోలెక్కడ, ఇరవై వేల రెట్లు తేడా. హెడ్‌లైన్‌లో టన్ను అని కనపడగానే అది రాయి టన్నా బంగారం టన్నా అని అడిగేవాడే లేడు!

సర్లే, జనాలకి తెలీదనుకుందాం. తెలిసినవాళ్ళ సంగతి చెప్తా. నా మొదటి ఉద్యోగంలో ఒక డ్రిల్ హోల్‌లో ఒక్క మీటరు ముక్కకి టన్నుకి 28 గ్రాముల బంగారం లెక్కన వచ్చింది, ఆఫీసంతా స్వీట్లు. నాకెందుకో డౌటొచ్చి కోర్ బాక్సులో (డ్రిల్‌తో తీసిన రాతి కడ్డీలు దాచే పెట్టె) దాచిన మిగతా సగం, అదే మీటరుది, ల్యాబ్‌కి పంపిస్తే 2 గ్రాములొచ్చింది. బంగారం రవ్వల్లా ఉంటుంది, రవ్వ ఏ సగంలో పడితే ఆ సగానిదే అదృష్టం, మేం నగ్గెట్ ఎఫెక్ట్ అంటాం. ఆ 28ని అలాగే వదిలేస్తే లెక్కలో చుట్టుపక్కల రాయంతా బంగారమైపోద్ది, టాప్ కట్ వెయ్యాలి సార్, అంటే మరీ పెద్ద నంబర్లని ఒక హద్దుకి కుదించాలి అని బాస్‌తో అన్నా. "నువ్వు మరీ నెగటివ్‌గా ఆలోచిస్తావయ్యా" అన్నాడు. అంతటితో ఆగాడా, కటాఫ్ గ్రేడ్ (టన్నుకి కనీసం ఇంత బంగారముంటేనే ఆ రాయిని లెక్కలో కలిపే గీత) ఒక గ్రాము నుంచి అరగ్రాముకి దించాడు, మధ్యాహ్నానికల్లా టన్నేజీ డబుల్. ఒక్క మీటరు కొత్తగా డ్రిల్ చెయ్యలేదు, ఎక్సెల్‌లో ఒక గడి మార్చాడంతే. గ్రేడ్, అంటే టన్నుకి సగటు బంగారం, పడిపోయిందన్న ముక్క మాత్రం ఎక్కడో 40వ పేజీలో.

మా మామకి అర్థమయ్యేలా బోరుతో చెప్పా. మణికొండలో మా పక్కింట్లో రెండించుల నీళ్ళు పడ్డాయి, ఇరవై అడుగుల దూరంలో మా బోరులో దుమ్ము లేచింది. ఇద్దరి మధ్యలో ఎన్ని నీళ్ళున్నాయో చెప్పమంటే ఎలా చెప్తావ్? మా లెక్కా అంతే, ఎంత నమ్మొచ్చో దాన్నిబట్టి పేర్లు: డ్రిల్ హోల్స్ దూరదూరంగా ఉంటే ఇన్ఫర్డ్ (ఊహే ఎక్కువ), దగ్గరయ్యేకొద్దీ ఇండికేటెడ్, మెజర్డ్. ఇంతా చేస్తే అదింకా రిసోర్సే, అంటే భూమిలో ఇంతుందన్న అంచనాయే. రిజర్వ్ అనాలంటే తవ్వే ఖర్చు, ప్రాసెసింగ్‌లో ఎంత చేతికొస్తుంది, నీళ్ళు, రోడ్డు, పర్మిషన్లు, రేటు, అన్నీ లెక్కేసి లాభం మిగలాలి, ఇన్ఫర్డ్‌ని అసలు రిజర్వ్‌లో కలపనే కూడదు. నల్లమల యురేనియం సంగతే చూడండి, అమ్రాబాద్ పులుల అడవి, జనం వద్దన్నారు, 2019 సెప్టెంబర్‌లో మన తెలంగాణ అసెంబ్లీయే వద్దని తీర్మానం చేసింది. భూమిలో ఎంతుంటే ఏం లాభం, తియ్యనియ్యకపోతే అది రిజర్వ్ ఎట్లయితది. (జనం వద్దనడం కరెక్టే అని నా ఉద్దేశం, అది వేరే పోస్ట్.)

నంబర్ వేసినవాడు పేరు పెట్టి సంతకం చెయ్యాలి, అడిగితే కోర్ బాక్సు చూపించాలి అని నేనంటే చాదస్తం అంటారు. 1997లో ఇండోనేషియా బుసాంగ్‌లో బ్రీ-ఎక్స్ అనే కెనడా కంపెనీ శాంపిల్స్‌లో బయటి బంగారం కలిపారని తేలి ఇన్వెస్టర్లు మునిగాక, 2001లో కెనడా వాళ్ళకి ఈ సంతకం రూల్స్ గుర్తొచ్చాయి. ముందే చాదస్తంగా ఉంటే పోయేది కదా.

మామ అంతా విన్నాడు, తలూపాడు, ఇంకో ముద్ద పెట్టించుకున్నాడు. ఇవాళ పొద్దున వాట్సాప్ తెరిస్తే ఫ్యామిలీ గ్రూపులో ఆయన మెసేజే, జమ్మూ రియాసీలో 59 లక్షల టన్నుల లిథియం, దేశం దశ తిరిగినట్టే అని పక్కన మూడు జెండాలు. జీ3 స్టేజ్ (ప్రాథమిక అన్వేషణే), ఇన్ఫర్డ్, వేలానికి పెడితే అర్హత ఉన్న బిడ్డర్లు ముగ్గురు కూడా లేక 2024 మార్చిలో రద్దు చేశారు మామా అని మొత్తం టైప్ చేసి, మళ్ళీ డిలీట్ చేశా. వచ్చే ఆదివారం అత్తమ్మ బిర్యానీ అంట, తిన్నాక చెప్తా.