కార్డు చూసి నిలదీయడం హక్కు కాదు, మెత్తని జవాబు నేరాంగీకారమూ కాదు

అమెరికాలో తక్కువ ఆదాయం ఉన్నవారికి తిండి సరుకుల కోసం ప్రభుత్వం సాయంగా ఇచ్చే ఫుడ్ స్టాంపుల కార్డుతో సరుకులు కొనుక్కునేవారి గురించి ఒక వాదన అక్కడి తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరుగుతోంది. వాళ్లు పని చేయకుండా మన పన్నులతో ఖరీదైన తిండి తింటారని, పన్ను కట్టేవారు బిల్లు కౌంటర్ దగ్గరే వారిని నిలదీయవచ్చని, అలా అడిగినప్పుడు ఎదురు తిరగకుండా మెత్తగా మాట్లాడినవారు తప్పు ఒప్పుకున్నట్టేనని దాని సారాంశం. ఇందులో చివరి మాటే అన్నిటికన్నా అన్యాయమైనది. అయితే దానికి ఆధారంగా నిలిపిన మిగతా మాటలను ముందు చూడాలి.

"ఖరీదైన తిండి కొంటారు." ఇప్పుడు స్నాప్ అని పిలుస్తున్న ఈ పథకం కింద 2024 ఆర్థిక సంవత్సరంలో మనిషికి నెలకు సగటున అందినది సుమారు 187 డాలర్లు, అంటే రోజుకు 6 డాలర్ల పైచిలుకు. ఆ సొమ్ముతో మద్యం, సిగరెట్లు, విటమిన్ మాత్రలు, సబ్బులు, డైపర్లు, కుక్కల తిండి కొనడానికి వీల్లేదు. దుకాణంలో వేడివేడిగా అమ్మే వంటకాలకు కూడా సాధారణంగా అది చెల్లదు. అందుకే చాలామంది దుకాణంలోని ఒకే తోపుడు బండిలోని సరుకులకు రెండు విధాలుగా చెల్లిస్తారు: బియ్యానికీ పాలకూ ఈ కార్డు, సబ్బుకో బీరుకో సొంత డబ్బు. వెనక నిలబడినవారికి బీరు సీసా, కార్డు రెండూ కనిపిస్తాయి గానీ ఏది దేనితో కొన్నారో కనిపించదు. ఇక అలవాట్ల సంగతికి వస్తే, కొనుగోళ్లను పోల్చి చూసి అమెరికా వ్యవసాయ శాఖ 2016లో ఒక నివేదిక వెలువరించింది. తీపి పానీయాలు, మిఠాయిలు, చిరుతిళ్ల వంటివాటికి స్నాప్ కుటుంబాలు డాలరులో 20 సెంట్ల దాకా పెడుతున్న మాట నిజమేనని, అయితే కార్డు లేని కుటుంబాలు పెట్టేదీ ఇంచుమించు అంతేనని అందులో తేలింది. ఎప్పుడో పండగకు ఒకరు పీతలు కొన్నారనుకుందాం. ఆ నెలకు వచ్చేది పెరగదు కనుక ఆ లోటును నెలాఖరున భరించేది వారే.

"పని చేయరు." లబ్ధిదారుల్లో ప్రతి ఐదుగురిలో దాదాపు ఇద్దరు పిల్లలే. వృద్ధులను, వికలాంగులను కలుపుకుంటే వారే అధిక సంఖ్యాకులు. పని చేయగలిగి, పిల్లల బాధ్యత లేని పెద్దలకు నెలకు 80 గంటల పని లేదా శిక్షణ చూపకపోతే మూడేళ్లలో మూడు నెలలకు మించి సాయం అందదన్న నిబంధన 1996 నుంచే ఉంది. 2025లో వచ్చిన చట్టం దానిని 64 ఏళ్ల వయసు దాకా పొడిగించింది. పని చేస్తూనే ఆదాయం చాలక ఈ కార్డు వాడేవారిలో దుకాణాల ఉద్యోగులూ తక్కువేమీ కాదు. మీ సరుకులకు బిల్లు వేస్తున్న మనిషే అలాంటివారు కావచ్చు. చేతిలో మంచి ఫోను ఉందన్న ఆక్షేపణకు పెద్ద జవాబు అక్కర్లేదు: ఉద్యోగం పోయిన రోజున ఫోను కూడా పోదు.

"పన్ను కట్టేవారికి అడిగే హక్కు ఉంది." ఈ మాట వెనక మనవారిలో ఒక కినుక ఉంది, దానిని కాదనలేము. హెచ్‌1బి వీసాపై ఉన్నవారు పన్నులన్నీ కడతారు, ఈ పథకానికి మాత్రం అర్హులు కారు. గ్రీన్ కార్డు వచ్చిన పెద్దవారు కూడా చాలావరకు ఐదేళ్లు ఆగాలి. అయితే ఆ నిబంధన పెట్టింది చట్టసభ, క్యూలో ముందు నిలబడిన తల్లి కాదు. ఆదాయం, అద్దె, ఇంట్లో మనుషుల సంఖ్య వంటివి పరిశీలించేందుకు రాష్ట్రాల్లో కార్యాలయాలున్నాయి, అవి గడువు ప్రకారం మళ్లీ మళ్లీ పరిశీలిస్తాయి కూడా. దుకాణాలు సైతం ఈ కార్డుదారులను మిగతా కొనుగోలుదారులతో సమానంగా చూడాలని, వారికి వేరే వరస పెట్టరాదని నియమం ఉంది. దుకాణానికే లేని అధికారం వెనక నిలబడిన అపరిచితుడికి ఎక్కడిది? మన ఊళ్లలో రేషన్ డిపో దగ్గర బియ్యం తీసుకుంటున్న మేనత్తను దారిన పోయేవాడు ఆదాయం ఎంతని అడిగితే ఊరుకుంటామా?

"మెత్తగా మాట్లాడితే ఒప్పుకున్నట్టే." ఈ మాట కార్డుదారుడిని రెండు వైపులా బంధిస్తుంది. కోప్పడితే పొగరంటారు, శాంతంగా ఉంటే దొంగతనం బయటపడిందంటారు. నిజానికి మెత్తని జవాబుకూ సంజాయిషీకీ చాలా దూరం ఉంది. భర్తకు జబ్బు చేసిందని, ఉద్యోగం పోయిందని ఇంటి గుట్టంతా విప్పి చెప్పడం సంజాయిషీ. దానిని అడిగే అర్హత అవతలివారికి లేదు, విన్నాక వారు తృప్తిపడతారన్న నమ్మకమూ లేదు. "మీకు ఇవాళ ఇబ్బందిగా ఉన్నట్టుంది, నా పని ఇప్పుడే అయిపోతుంది" అనో, "ఇది మా ఇంటి సరుకు అండీ, మీకు శుభం కలగాలి" అనో ఒక్క ముక్క చెప్పి బిల్లు వేసేవారి వైపు తిరగడం మర్యాద. అందులో వివరం ఏదీ ఇవ్వలేదు, తప్పు ఏదీ ఒప్పుకోలేదు. పైగా ఆ మాట వినేది నిందించినవారొక్కరే కాదు. బండిలో కూర్చున్న బిడ్డ వింటుంది, వెనక వరసలో అదే కార్డును పర్సులో దాచుకుని నిలబడిన మరొకరు వింటారు. తిరిగి తిట్టడం తప్పని నేను అనడం లేదు, అవమానపడిన మనిషి నుంచి సహనాన్ని బాకీలా వసూలు చేసే హక్కు నాకూ లేదు. ఎదుటివారు మీద మీదకు వస్తున్నా, బయటిదాకా వెంబడిస్తున్నా మెత్తదనంతో పని లేదు, దుకాణం మేనేజరును పిలవాలి.

ఇక ఇలాంటి మాటల చివర తరచూ కనిపించే పిలుపు ఒకటి మిగిలింది: "ఫొటో తీసి అందరికీ పంపండి." ఆ ఫొటోలో కార్డు పడుతుంది, సరుకులు పడతాయి, పక్కనున్న పిల్లల ముఖాలు పడతాయి, అర్హత మాత్రం పడదు. కార్డును నగదుకు అమ్ముకోవడం వంటి మోసం నిజంగా కంటబడితే ఫిర్యాదు తీసుకోవడానికి రాష్ట్ర కార్యాలయమూ, వ్యవసాయ శాఖ తనిఖీ విభాగమూ ఉన్నాయి. అక్కడ చెప్పవచ్చు, అదీ ఎవరి ముఖమూ ఊరంతా తిప్పకుండా.