డ్యూటీ చేస్తూ చదువుకోవచ్చమ్మా!

నర్సింగ్ అసిస్టెంట్ల కోసం వెతికే ఆసుపత్రులన్నీ నిజానికి విద్యాసంస్థలే. ఈ సంగతిని సమాజం ఇంకా గుర్తించలేదు. ఏ ఆసుపత్రి హెచ్ఆర్ గదిలో కూర్చున్నా జీతం ఎంతో చెప్పకముందే ‘డ్యూటీ చేస్తూ చదువుకోవచ్చమ్మా’ అంటారు. ఆ తర్వాత జీతం ఎంతో చెబుతారు. ముందు చదువు మాట ఎందుకు ఎత్తారో అప్పుడు అర్థమవుతుంది.

మా మేనకోడలు ఇంటర్ ఒకేషనల్‌లో ఎంపీహెచ్‌డబ్ల్యూ, అంటే మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ కోర్సు చేసింది. ఒక ఏడాది ఎక్కడైనా పనిచేసి, నాలుగు రాళ్లు వెనకేసుకుని, జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమాలోనో బీఎస్సీ నర్సింగ్‌లోనో చేరాలని దాని ఆలోచన. చేతిలో మూడు ఉద్యోగాలున్నాయి. జిల్లా కేంద్రంలో ఇరవై పడకల నర్సింగ్ హోమ్ ఒకటి, హైదరాబాద్‌లో ఓ పెద్ద కార్పొరేట్ ఆసుపత్రి ఒకటి, ఇళ్లకు మనుషుల్ని పంపే హోమ్ కేర్ బ్యూరో ఒకటి. వీటిలో ఏది మేలో తేల్చే బాధ్యత నాకు అప్పగించారు. ఆసుపత్రుల గురించి నాకు తెలిసిందల్లా బిల్లు కట్టడమే. అయినా మన ఇళ్లలో సలహా చెప్పడానికి అంతకుమించిన అర్హత అడగరు.

మొదటి ఓటు నర్సింగ్ హోమ్‌కే వేశాను. డాక్టరుగారు తొలి మాటగానే ‘నువ్వు మా అమ్మాయి లాంటిదానివి’ అన్నారట. ఇంటి ఆడపిల్లకు జీతం ఏమిటి, వీక్లీ ఆఫ్ ఏమిటి? ఆ విషయంలో ఆయన మాట తప్పే మనిషి కాదు. అక్కడ పొద్దున ఓపీ చీటీలు రాయాలి, మధ్యాహ్నం సెలైన్ పెట్టాలి, సాయంత్రం ఆపరేషన్ థియేటర్ తుడవాలి, రాత్రి రిసెప్షన్ ఫోన్ ఎత్తాలి. నాలుగేళ్ల బీఎస్సీలో కూడా ఇన్ని విభాగాల అనుభవం ఒకేరోజు దొరకదు.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం చెప్పాలి. ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సుల జీతాలపై సుప్రీంకోర్టు ఆదేశంతో 2016లో కేంద్రం ఒక కమిటీ వేసింది. 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలనీ, 50 పడకలలోపు ఆసుపత్రుల్లో కూడా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదనీ ఆ కమిటీ చెప్పింది. మన నర్సింగ్ హోమ్‌కు దీనిపై ఎంతో గౌరవం ఉంది. అందుకే రోగి ముందు ‘సిస్టర్’ అని పిలిచి, జీతాల రిజిస్టర్‌లో ‘హెల్పర్’ అని రాస్తుంది. హెల్పర్ల గురించి ఆ కమిటీ ఏమీ చెప్పలేదు కదా!

ఇక ఒరిజినల్ సర్టిఫికెట్లు డాక్టరుగారి బీరువాలో పెడతారట. ‘హాస్టల్‌లో పోతాయమ్మా, ఇక్కడైతే భద్రం’ అన్నారు. నిజమే, ఆ బీరువాలోంచి ఇంతవరకూ ఒక్క కాగితమూ బయటికి పోలేదు. కాలేజీ సీటు కౌన్సెలింగ్ రోజున కూడా.

కార్పొరేట్ ఆసుపత్రి ఇలాంటి చిల్లర పనులు చేయదు. అక్కడ అన్నిటికీ పాలసీ ఉంటుంది. యూనిఫాం, ఐడీ కార్డు, పీఎఫ్, ఈఎస్‌ఐ, అన్నీ పద్ధతి ప్రకారం. ఉన్నత చదువులకూ పాలసీ ఉంది: రెండేళ్ల సర్వీసు తర్వాత ‘పరిశీలిస్తారు’. రాత్రి డ్యూటీ ఉదయం ఎనిమిదికి అయిపోతుంది. అంటే ఎనిమిదికి అయిపోవడం మొదలవుతుంది. తర్వాతి డ్యూటీకి రావాల్సిన రిలీవర్ బస్సు దొరకలేదని ఫోన్ చేస్తుంది. ‘ఒక్క గంట చూసుకో’ అంటుంది ఫ్లోర్ ఇన్‌ఛార్జి. ఈలోగా నాలుగో బెడ్ తాతగారికి స్పాంజ్ బాత్, ఆరో బెడ్‌కు బెడ్‌పాన్, తొమ్మిదో బెడ్ అటెండెంట్‌కు ‘డాక్టర్ ఎప్పుడొస్తారు’ అన్న ప్రశ్నకు జవాబు. పదకొండుకు హాస్టల్‌కు చేరితే, ఆ గదిలో పగలు మేలుకునేవాళ్లూ పగలు నిద్రపోయేవాళ్లూ కలిసి ఒకే ట్యూబ్‌లైట్ కింద ఉంటారు. అక్కడ పుస్తకం తీసిన అమ్మాయికి నా నమస్కారం.

అసలు డ్యూటీ చేస్తూ నర్సింగ్ చదవడం సాధ్యమేనా అని మా మేనకోడలు అమాయకంగా అడిగింది. జీఎన్‌ఎం మూడేళ్ల రెగ్యులర్ కోర్సు. పరీక్ష రాయాలంటే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్కలో 80 శాతం హాజరు ఉండాలి. డిప్లొమా చేతికి రావాలంటే క్లినికల్, అంటే ఆసుపత్రిలో చేసే శిక్షణ, నూటికి నూరు శాతం పూర్తి చేయాలి. అంటే ఒకే మనిషి ఒకే పూట ఒక ఆసుపత్రిలో జీతానికీ, ఇంకో ఆసుపత్రిలో హాజరుకీ నిలబడాలి. దీనికి పరిష్కారంగా ‘నాన్ అటెండింగ్’ సీట్లు ఇప్పిస్తామనే మహానుభావులు కూడా ఉన్నారు. ఫీజు కడితే చాలు, కాలేజీ మొహం చూడక్కర్లేదు. అలా చదివిన నర్సు డ్యూటీలో ఉన్న రోజు రోగి కూడా నాన్ అటెండింగ్ అయితే ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు.

తెలంగాణలో బీఎస్సీ నర్సింగ్ కావాలంటే ఎప్‌సెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఒకేషనల్ పిల్లలు దాంతోపాటు సైన్సు సబ్జెక్టుల బ్రిడ్జి కోర్సు కూడా పాసవ్వాలి. అంటే ఉద్యోగం చేసే ఆ ఏడాదిలోనే చదవాల్సింది బోలెడు. ఇదంతా ఎందుకు, సర్కారు ఉద్యోగానికి ఆగమన్నాడు మా బావ. ఆగొచ్చు. తెలంగాణలో 1,520 ఎంపీహెచ్‌ఏ (మల్టీపర్పస్ హెల్త్ అసిస్టెంట్) పోస్టులకు 2023 జులైలో నోటిఫికేషన్ ఇచ్చి, 2024 డిసెంబరు చివర్లో పరీక్ష పెట్టారు. ఓపిక ఉన్నవాళ్లకు తొందరేముంది?

బ్యూరో గురించి నాకు మొదటి నుంచీ సదభిప్రాయం లేదు. పేషెంట్ కేర్ అని పంపిస్తారు. మొదటి రోజు బీపీ, రెండో రోజు బెండకాయలు తరగడం, మూడో రోజు దేవుడి సామాన్లు తోమడం. కమిషన్ బ్యూరోకి, మాటలు పిల్లకి. ఈ మాటే గట్టిగా చెప్పాను.

మా మేనకోడలు నా మాట పూర్తిగా విని, ముగ్గురికీ ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడిగింది. ఒరిజినల్స్ ఎవరి దగ్గర ఉంటాయి? వచ్చే నెల డ్యూటీ చార్ట్ ముందే చెబుతారా? నర్సింగ్ హోమ్‌లో ‘చేరకముందే ఇన్ని ప్రశ్నలా’ అన్నారు. కార్పొరేట్‌లో ‘ఆన్‌బోర్డింగ్ తర్వాత వివరిస్తాం’ అన్నారు. బ్యూరో అతను మాత్రం ‘జిరాక్సులు చాలు, నైట్ కావాలంటే నైటే ఇస్తాను’ అన్నాడు. అందులోనే చేరింది. పక్షవాతంతో మంచాన ఉన్న ఒక పెద్దావిడ దగ్గర రాత్రి డ్యూటీ. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే ఒళ్లు పుండ్లు పడుతుంది. వేళకు ముక్కులోంచి పొట్టలోకి వేసిన రైల్స్ ట్యూబ్‌లో పాలు పోయాలి. మధ్యలో ఆవిడ నిద్రపోతుంది, లైటు వెలుగుతూ ఉంటుంది. వంట పని అడిగితే మర్నాటి నుంచి రానని ఆ ఇంటివాళ్లకు ముందే చెప్పేసిందట.

నేను తీవ్రంగా ఖండించాను. రేపు సంబంధాలవాళ్లకు ఏమని చెప్పాలి? అందుకే ప్రస్తుతానికి చుట్టాలందరికీ ‘హోమ్ హెల్త్‌కేర్ రంగంలో ఉంది’ అని చెబుతున్నాను. ఈ మాట బాగానే పనిచేసింది. మోకాళ్ల ఆపరేషన్ చేయించుకున్న మా పిన్ని నిన్ననే ఫోన్ చేసింది. ఓ నెల్రోజులు పిల్లని పంపమంది. ఎంతిస్తారు పిన్నీ అంటే నొచ్చుకుంది.

‘మనింటి పిల్లకు డబ్బులేంట్రా!’