పోతన పద్యానికి గిటార్ అడ్డమా?

మొన్న ఉగాది వేడుకకి వచ్చినవాళ్ళంతా చూశారు కాబట్టి దాచేదేమీ లేదు. పదో తరగతి పిల్లాడు "ఎవ్వనిచే జనించు" పద్యాన్ని ఎలక్ట్రిక్ గిటార్, డ్రమ్స్‌తో ఎత్తుకున్నాడు, రెండో పాదం పూర్తి కాకముందే మైక్ కట్ చేశారు. "పోతన పద్యానికి ఈ గోలేమిటి" అని కమిటీ పెద్దాయన ఒకరు స్టేజీ పక్కనే నిలబడి అందరికీ వినపడేలా అన్నారు. వాడు మా తెలుగు బడి పిల్లాడు. ఆ పద్యం నేర్పింది నేనే. "అనాదిమధ్యలయుడు" దగ్గర నాలుక తిరగక ఎన్ని వారాలు తంటాలు పడ్డాడో, అర్థం కోసం నన్ను ఎంత వేధించాడో నాకు తెలుసు, అందుకే ఇంత బాధ.

కెనడా కవి, గాయకుడు లెనర్డ్ కోహెన్ గురించి మన పెద్దలు ఒకసారి తెలుసుకోవాలి. 1934లో మాంట్రియల్ యూదుల ఇంట పుట్టాడు, వాళ్ళ తాత అక్కడి యూదుల ప్రార్థనా మందిరం షార్ హషొమాయిమ్ సినగాగ్‌కి అధ్యక్షుడిగా చేసినవాడు. మనం ఉగాదికి పంచాంగ శ్రవణం విన్నట్టు, యూదులు తమ కొత్త సంవత్సరానికీ, ఉపవాసంతో పాప క్షమాపణ కోరే యోమ్ కిప్పూర్‌కీ ఒక ప్రార్థన వింటారు: ఈ ఏడాది ఎవరు బతుకుతారు, ఎవరు పోతారు, నీళ్ళలో ఎవరు, నిప్పులో ఎవరు అని. చిన్నప్పుడు చెవిన పడ్డ ఆ ప్రార్థననే 1974లో గిటార్ మీద "హూ బై ఫైర్" అనే పాటగా కట్టాడు. తర్వాత ఏళ్ళ తరబడి జెన్ బౌద్ధ మఠంలో సన్యాసిగా ఉండి కూడా నేను యూదుణ్ణే అన్నాడు.

నన్ను కదిలించింది ఆయన చివరి రోజులు. ఒంట్లో ఓపిక లేని దశలో, చిన్ననాటి ఆ సినగాగ్ ప్రార్థన గాయకుణ్ణీ, గాయక బృందాన్నీ తన పాటలో పాడమని అడిగాడు. వాళ్ళు పాడారు! "యూ వాంట్ ఇట్ డార్కర్" అనే ఆ పాట 2016 సెప్టెంబర్‌లో, అదే పేరున్న ఆల్బమ్ అక్టోబర్‌లో వచ్చింది, నవంబర్ 7న ఆయన 82 ఏళ్ళకి పోయాడు, ఆ సినగాగ్ శ్మశానంలోనే తనవాళ్ళ పక్కన ఖననం చేశారు. ఆ పాటకి 2018లో గ్రామీ ఇచ్చారు, అదీ ఉత్తమ రాక్ ప్రదర్శన విభాగంలో.

డ్రమ్స్ మోతలో పద్యం మునిగిపోతుందన్న పెద్దాయన భయం నాకూ ఉంది, మాట వినపడకపోతే ఇక పద్యం ఎందుకు? కానీ అదే రోజు భోజనాల దగ్గర డీజే అంతకు రెట్టింపు సౌండ్‌తో ఐటమ్ సాంగ్స్ వేస్తే ఒక్కరూ ఆపమనలేదు. మాట వినపడాలంటే మైక్ తీసేయడం కాదు, ముందు రోజే సౌండ్ చెక్‌కి టైమ్ ఇవ్వాలి, పద్యం తెలిసిన పెద్దవాళ్ళు రిహార్సల్‌లో పక్కన కూర్చోవాలి.

దీపావళి ప్రోగ్రాం లిస్ట్ ఇంకా ఖరారు కాలేదు. అందులో ఈ పిల్లలకి పది నిమిషాలు పెట్టండి, దయచేసి. వాళ్ళంతట వాళ్ళు మళ్ళీ అడగరు, కమిటీ నుంచే ఎవరైనా ఫోన్ చేయాలి.