తెల్ల చొక్కా మీద 43 సంతకాలు

మొన్న మా వీధిలో ఒక విపత్తు జరిగింది. తుపాను కాదు. తుపానులు నెల్లూరోళ్లకు చుట్టాల్లాంటివి, వచ్చినప్పుడు మర్యాద చేసి పంపిస్తాం. ఇది పదో తరగతి ఆఖరి పరీక్ష. పన్నెండూ ముప్పావుకు బెల్లు కొట్టారు. ఒంటిగంటన్నరకు మా ఎదురింటి పిల్లోడు నీలం, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో ఇల్లు చేరాడు. వాకిట్లో చేపలు కడుగుతున్న వాళ్లమ్మ తలెత్తి, "ఎవురు కావాల నాయనా?" అని మర్యాదగానే అడిగింది. గుర్తుపట్టాక అన్న మాటలు ఇక్కడ రాయడం కుదరదు.

ఈ విషయాన్ని ఎవరూ సీరియస్‌గా తీసుకోవడం లేదు కాబట్టి నేను తీసుకుంటున్నాను.

ముందు చొక్కా సంగతి తేల్చాలి. అది శనివారాలు వేసుకునే వైట్ డ్రెస్. చూసేవాళ్లకు పిల్లోడి చొక్కాయే గానీ, హక్కుదారు మాత్రం ఎనిమిదో తరగతి చదివే తమ్ముడు. కుట్టించిన రోజే ఇంట్లో ఈ ఒప్పందం జరిగిపోయింది. ఆఖరి పరీక్ష రోజు శనివారం కాదు. అయినా వైట్ డ్రెస్సే కావాలన్నాడు. ఇస్త్రీ తనే చేసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఇస్త్రీ పెట్టె ముట్టని కొడుకు తెల్లారుజామున చొక్కా ఇస్త్రీ చేస్తుంటే తల్లికి అప్పుడే అనుమానం రావాల్సింది. "సోషల్ పరీక్షంటే ఎంత శ్రద్ధో" అని ఆమె మురిసిపోయింది.

పరీక్షల పూట సెంటర్ చుట్టుపక్కల జిరాక్స్ షాపులు మూయిస్తారు. గుంపులు కూడొద్దని ఉత్తర్వులిస్తారు. కాపీ కొట్టకుండా ఇంత కట్టుదిట్టం చేసే ప్రభుత్వం, ఆఖరి రోజు ఇంకు సీసాలు, స్కెచ్ పెన్నులు అమ్మే షాపుల జోలికి మాత్రం పోదు. ఇది ఎవరి కుట్రో తేలాలి. నాకు సబ్బుల కంపెనీల మీద అనుమానం.

పిల్లోడు స్నానానికి వెళ్లినప్పుడు ఆ చొక్కాను దండెం మీద స్వయంగా పరిశీలించాను. మొత్తం 43 సంతకాలు. క్లాసులో వాణ్ని తీసేస్తే 42 మంది, మిగిలిన ఒక్కటి లెక్కల సారుది. కాలర్ కింద ఎర్ర ఇంకుతో సంతకం, అలవాటు కొద్దీ పక్కన తేదీ, ఒక టిక్కు. "ఫ్రెండ్స్ ఫరెవర్" అని ఇంగ్లిషులో ఏడుగురు రాశారు, ఏడు రకాల స్పెల్లింగులతో. వీపు మీద ఒకడు "నన్ను మరవకు మిత్రమా" అని రాశాడు. వాడి ఇల్లు వీళ్లింటికి ఆనుకునే ఉంటుంది, మధ్యలో గోడ కూడా ఒక్కటే. జేబు మీద మాత్రం ఒకే ఒక్క అక్షరం ఉంది, పేరు లేదు. వాళ్లమ్మ దాన్ని రెండుసార్లు చూసింది. ఆ అక్షరం గురించి నేనేమీ రాయను.

ఇంతకుముందే ఫిబ్రవరిలో బడిలో ఫేర్‌వెల్ జరిగింది. ఆడపిల్లలంతా అమ్మల చీరలు కట్టుకొచ్చారు. ఒకమ్మాయి వెంకటగిరి చీరకు కాపలాగా వాళ్లమ్మ కూడా వచ్చి, సభ అయ్యేదాకా కూతురి ముఖం చూడకుండా కుచ్చిళ్లనే చూస్తూ కూర్చుంది. హెడ్‌మాస్టర్ గారు "మీరంతా కలెక్టర్లు కావాలి" అని దీవించారు. జిల్లాకు కలెక్టర్ కుర్చీ ఒక్కటే. ఈ ఒక్క క్లాసు నుంచే 43 మంది బయల్దేరితే, రోజుకొకరు చొప్పున కూర్చున్నా నెలన్నర పడుతుంది. పక్క సెక్షన్ సంగతి తర్వాత. తొమ్మిదో తరగతి వాళ్లు చందాలేసుకుని సమోసాలు, పేపర్ గ్లాసులో సగం కూల్‌డ్రింక్ ఇచ్చారు. అందరూ ఏడ్చారు. "మళ్లీ ఎప్పుడు కలుస్తామో" అని గేటు దగ్గర కౌగిలించుకున్న తొమ్మిది మందీ సాయంత్రం ఆరింటికి కారం దోశ బండి దగ్గర కలిశారు. చెట్నీ దగ్గర కొట్టుకున్నారు కూడా.

ఇక తల్లి చేసిన ఏర్పాట్లు. పోయిన మొహర్రంకు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగలో గంటసేపు నీళ్లలో నిలబడి చదువు రొట్టె పట్టుకుంది. కోరిక తీరితే మరుసటేడు అదే చెరువులో ఇంకొకరికి రొట్టె ఇవ్వాలి. అంటే వీడు పాసైతే ఆమెకు ఒక రొట్టె అప్పు. "హిందీకి 20 వస్తే చాలు కదమ్మా, దానికి సగం రొట్టె సరిపోద్ది" అన్నాడట ఈ మహానుభావుడు. లెక్కల సారు టిక్కు పెట్టింది ఊరికే కాదు.

ఇంట్లో ఇన్ని లెక్కలు నడుస్తుంటే అసలు లెక్క ఎప్పుడో ముగిసిపోయింది. సంక్రాంతి ముగ్గులు చెరగకముందే ఒక కాలేజీ పీఆర్వో వచ్చాడు, మెడలో ట్యాగు, చేతిలో రంగుల కాగితాలు. పరీక్ష రాయకముందే సీటు బుక్కయింది, ఇప్పుడు అడ్వాన్స్ కడితే ఫీజులో తగ్గింపు. "ఎంపీసీయా, బైపీసీయా?" అని అడిగాడు. నాన్న అమ్మను చూశాడు. అమ్మ నాయనమ్మను చూసింది. పిల్లోణ్ని ఎవరూ చూడలేదు, వాడు ఆ టైముకు బడిలో స్టడీ అవర్స్‌లో ఉన్నాడు. నాయనమ్మకు వినిపించిన మొదటి ముక్క ఎంపీసీ కాబట్టి అదే ఖాయమైంది.

ఆఖరి పరీక్ష అయి పది రోజులు తిరక్కముందే "బ్రిడ్జి కోర్సు" అని ఫోన్ వచ్చింది. బండి దగ్గర దోశలు తిన్న తొమ్మిది మందిలో ఆరుగురికి అదే ఫోన్, తలా ఒక ఊరి హాస్టల్‌కు. దీనికి మాత్రం సభ లేదు, సమోసా లేదు, చీరలు లేవు. ట్రంకు పెట్టె, బకెట్, పరుపు, తాళం, తాళానికి ఇంకో తాళం చెవి.

హాస్టల్‌లో బట్టలు ఉతకడానికి వేయాలంటే ప్రతి దాని మీదా నంబరు ఉండాలట. నిన్న రాత్రి వాళ్లమ్మ షాపుకెళ్లి చెరగని మార్కర్ కొనుక్కొచ్చి, వసారాలో కూర్చుని ఒక్కో కాలర్ వెనక 217 అని రాసింది. ఆరు చొక్కాలు, నాలుగు ప్యాంట్లు, రెండు తువ్వాళ్లు. పెట్టె అడుగున ఆ తెల్ల చొక్కా చేతికి తగిలింది. సర్ఫుకు, నిమ్మకాయకు, బ్లీచింగ్ పౌడర్‌కు కూడా లొంగని చొక్కా. తమ్ముడు ఆశగా చూశాడు. ఆమె దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, మార్కర్ మూత పళ్లతో పట్టుకునే, పెద్దోణ్ని అడిగింది:

"దీని మీద యాడ రాసేదిరా, ఖాళీ లేదే?"