ఫ్రిజ్ పేలదు గానీ, ఆ మెసేజ్‌ని నమ్మితే షాక్ కొడుతుంది

ఎండలు ముదిరాయంటే వరంగల్ చౌరస్తా దుకాణాల ముందు ఫ్రిజ్‌లు మోసే ట్రాలీ ఆటోలు వరుస కడతాయి. వాటి వెనకాలే వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. "కొత్త ఫ్రిజ్ కొన్నవాళ్లు తప్పక చదవండి, పది మందికీ పంపండి" అని ఉంటుంది. హన్మకొండలో ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేయడం నా పని కాబట్టి "అన్నా, ఇది నిజమేనా?" అంటూ అది తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తుంది. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పి గొంతు నొప్పి తెచ్చుకునే బదులు ఇక్కడే రాస్తున్నా.

చూడనివాళ్ల కోసం అందులో ఉన్నదేమిటో ముందు చెబుతా. ఫ్రిజ్ తెచ్చాక 24 గంటలలోపు ఆన్ చేస్తే కంప్రెసర్ పేలుతుందట. పక్కలు వేడెక్కితే అది డిఫెక్ట్ పీసట, వెంటనే వాపస్ ఇవ్వాలట. రాత్రి ఆఫ్ చేస్తే కరెంటు సగం మిగులుతుందట. ఇప్పటి ఫ్రిజ్‌లలో వంటగ్యాస్ నింపుతున్నారు కాబట్టి అది ఇంట్లో పెట్టుకున్న బాంబట. అన్నం, కూర పూర్తిగా చల్లారేదాకా, ఎంతసేపైనా సరే, బయటే ఉంచాలట. ఐస్ గడ్డ కడితే కత్తితో తీసేయాలట. ఇక అన్నిటికన్నా ఘోరమైనది: ఇన్వర్టర్ ఫ్రిజ్‌కి (అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగాన్ని మార్చుకునే రకం) స్టెబిలైజర్, ఎర్తింగ్ ఏవీ అక్కర్లేదు, ప్లగ్‌కి రెండు పిన్నులు చాలట.

రాసినవాళ్లెవరో గానీ, భయపడాల్సిన చోట ధైర్యం చెప్పారు, ధైర్యంగా ఉండాల్సిన చోట భయపెట్టారు.

24 గంటల సంగతి

ఇందులో సగం నిజం ఉంది. కంప్రెసర్ అడుగున ఆయిల్ ఉంటుంది. ఫ్రిజ్‌ని పడుకోబెట్టి తెస్తే ఆ ఆయిల్ పైపుల్లోకి పారుతుంది. దింపిన వెంటనే స్విచ్ వేస్తే కంప్రెసర్‌కి కావలసిన ఆయిల్ అందదు. సన్నటి కేపిలరీ గొట్టంలోకి ఆయిల్ వెళ్తే కూలింగ్ కూడా దెబ్బతింటుంది. కంప్రెసర్ ఆయుష్షు తగ్గుతుందంతే, పేలడం మాత్రం ఉండదు.

మన దగ్గర పరకాలకో, నర్సంపేటకో, భూపాలపల్లికో ట్రాలీలో పంపేటప్పుడు వైర్లు అడ్డమొస్తాయని చాలామంది డ్రైవర్లు పడుకోబెట్టేస్తారు. అలా వచ్చిందైతే ఎంతసేపు పడుకుని వచ్చిందో కనీసం అంతసేపు నిలబెట్టి ఉంచండి. ఎంతసేపో తెలియకపోతే ఒక రోజు ఆగితే పోయేదేం లేదు. నిలబెట్టే తెచ్చినదైతే రెండు మూడు గంటలు చాలు. మీ మోడల్‌తో వచ్చిన పుస్తకంలో టైం రాసి ఉంటే అదే పాటించండి. ముందు కాళ్లను కాస్త ఎత్తుగా తిప్పండి, తలుపు దానంతట అదే మూసుకుంటుంది. ఆన్ చేశాక కొన్ని గంటలు ఖాళీగా నడవనిచ్చి, లోపల చల్లబడ్డాక సామాను సర్దండి.

పక్కలు వేడెక్కితే

ఇదివరకు ఫ్రిజ్ వెనకాల నల్లటి జాలీ కనిపించేది. లోపలి వేడిని బయటికి వదిలేది అదే. ఇప్పుడు చాలా మోడళ్లలో ఆ పైపుల్ని పక్క రేకుల లోపలే అమరుస్తున్నారు. కాబట్టి పక్కలు వేడెక్కుతున్నాయంటే ఫ్రిజ్ తన పని తాను చేస్తోందన్నమాట. కొత్తగా ఆన్ చేసిన రోజు, ఎండాకాలం మధ్యాహ్నం ఇంకాస్త ఎక్కువగా వేడెక్కుతుంది. దాన్ని చూసి టెన్షన్ పడి దుకాణం మీదికి గొడవకు పోవద్దు.

ఆ వేడి పోవడానికి జాగా మాత్రం కావాలి. గోడకు ఆనించి, రెండు బీరువాల మధ్య ఇరికించి, పైన ప్లాస్టిక్ కవరు కప్పి, ఆ కవరు మీద పాత పేపర్లు పేర్చే ఇళ్లు రోజూ చూస్తుంటాను. వెనక, పక్కల కనీసం నాలుగు వేళ్ల సందు వదలండి. వెనక స్టికర్ మీద క్లైమేట్ క్లాస్ అని ఒక అక్షరం ఉంటుంది. మన ఎండలకు 'టి' ఉండాలి. చుట్టూ 43 డిగ్రీల వరకు వేడి ఉన్నా సరిగా పనిచేయాలని దాని అర్థం. రామగుండంలో బయటి ఎండే 45 దాటే రోజులుంటాయి. అక్కడ రేకుల వంటింట్లో, పొయ్యి పక్కన పెడితే ఏ కంపెనీ ఫ్రిజ్ అయినా ఏం చేస్తుంది? రోజంతా ఆగకుండా నడుస్తుంది, లోపల పాలు మాత్రం విరిగిపోతాయి.

రాత్రి ఆఫ్ చేస్తే

తెలంగాణలో గృహజ్యోతి ఉచిత కరెంటు పథకం వచ్చాక ఈ మాటకు గిరాకీ పెరిగింది. నెలకు 200 యూనిట్లు దాటితే ఆ నెల జీరో బిల్లు పోతుంది కాబట్టి మనిషి ఎక్కడ పొదుపు దొరుకుతుందా అని వెతుక్కుంటాడు, తప్పులేదు. లెక్క చూద్దాం. స్టార్ స్టికర్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో రాసి ఉంటుంది. మీ సింగిల్ డోర్‌కి 180 అని ఉందనుకోండి, రోజుకు అర యూనిట్, నెలకు 15. రాత్రి ఎనిమిది గంటలు ఆపితే గట్టిగా లెక్కేసినా నెలకు 5 మిగలాలి. అదీ మిగలదు. రాత్రంతా లోపలికి చేరిన వేడిని తోడేయడానికి పొద్దున కంప్రెసర్ ఏకబిగిన నడుస్తుంది. సగం కరెంటు అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో మరి. రెండు కిలోవాట్ల గీజర్ ఒక్క గంట వేస్తే నాలుగు రోజుల ఫ్రిజ్ కరెంటు కాలుతుంది.

పొదుపు కావాలంటే తలుపు రబ్బరు చూసుకోండి. ఒక నోటును తలుపు సందులో పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే ఆ రబ్బరు చల్లదనాన్ని ఆపడం లేదన్నట్టు.

గ్యాస్ బాంబు

నాకు ఎక్కువగా వచ్చే ఫోన్లు దీని గురించే, అందుకే కాస్త వివరంగా చెబుతా.

ఇప్పటి ఇళ్ల ఫ్రిజ్‌లలో ఎక్కువగా వాడేది ఆర్600ఎ, అంటే ఐసోబ్యూటేన్. అది మండే గ్యాసే. వంటగ్యాస్‌కు దగ్గరి చుట్టమే. ఇంతవరకు మెసేజ్ నిజమే చెప్పింది, ఎంత ఉంటుందో మాత్రం చెప్పలేదు. కంప్రెసర్ దగ్గరి స్టికర్ మీద గ్రాముల్లో రాసి ఉంటుంది, చూడండి. మామూలు ఇంటి ఫ్రిజ్‌లో అది వంద గ్రాముల లోపే, చాలావాటిలో 30 నుంచి 70 మధ్య. వంటింట్లో మీ పక్కనే ఉన్న సిలిండర్‌లో 14.2 కిలోలు ఉంటుంది. పైగా ఫ్రిజ్‌లోని గ్యాస్ అతికిన గొట్టాల్లోనే తిరుగుతూ ఉంటుంది, ఖర్చు కాదు, కాలిపోదు. "ఏడాదికోసారి గ్యాస్ నింపించాలి" అని ఎవరైనా మెకానిక్ అంటే ఆయన్ని గుమ్మంలోంచే పంపించేయండి.

మరి మండే గ్యాస్ ఎందుకు పెట్టారు? పాత ఫ్రిజ్‌ల్లో ఉన్న ఆర్12 ఓజోన్ పొరను తినేసేది. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరాక దాన్ని మానేస్తూ వచ్చారు. తర్వాత వచ్చిన ఆర్134ఎ ఓజోన్‌ను ఏమీ చేయదు గానీ, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కన్నా వెయ్యి రెట్లకు పైగా బలమైనది. ఐసోబ్యూటేన్‌కి ఈ రెండు జబ్బులూ దాదాపు లేవు, కరెంటూ తక్కువ తాగుతుంది.

ప్రమాదం ఎక్కడంటే రిపేరులో. గొట్టాల్లో గ్యాస్ ఉండగానే మంట పెట్టి బ్రేజింగ్ చేసేవాళ్లు, అంటే గొట్టాలు అతికేవాళ్లున్నారు. ఆర్134ఎ ఉండే పాత ఫ్రిజ్‌లో చౌక అని మండే గ్యాస్ ఎక్కించేవాళ్లున్నారు. నా తోటివాళ్లకు కోపం వచ్చినా సరే, ఇది చెప్పాలి. మెకానిక్ వచ్చినప్పుడు "ఇందులో ఏ గ్యాస్ ఉంది, మీరు ఏది ఎక్కిస్తున్నారు?" అని అడగండి. కంప్రెసర్ మీద మంట బొమ్మ ఉన్న పసుపు త్రికోణం కనిపిస్తే, కిటికీలు తెరిచి, పొయ్యి ఆర్పి పని చేయించండి. ఇంకో సంగతి: వంటగ్యాస్‌కి వాసన కలుపుతారు, ఫ్రిజ్ గ్యాస్‌కి కలపరు. లీకైతే ముక్కుకు తెలియదు. కంప్రెసర్ ఆగకుండా నడుస్తున్నా చల్లబడడం లేదంటే అనుమానించాలి.

కత్తి మాట

లీకు అనగానే కత్తి గుర్తొస్తుంది. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఫ్రీజర్ గోడే పల్చటి అల్యూమినియం రేకు, గ్యాస్ గొట్టాలు అందులోనే ఉంటాయి. కత్తి మొన జారిందంటే బుస్సుమని శబ్దం, అంతే సంగతి. ఎండాకాలం నా పనిలో ఇలాంటి బొక్కలు పూడ్చడమే ఎక్కువ. ఐస్ అర సెంటీమీటరు మందం కాగానే డీఫ్రాస్ట్ బటన్ నొక్కండి, లేదా ఆఫ్ చేసి తలుపు తెరిచిపెట్టండి. తొందరైతే లోపల గిన్నెడు వేడినీళ్లు పెట్టండి. కత్తి, స్క్రూడ్రైవర్, అట్లకాడ ఏదీ వద్దు.

చల్లారేదాకా బయటే ఉంచితే

పొగలు కక్కుతున్న గిన్నెను నేరుగా పెట్టొద్దు, నిజమే. పక్కనున్న పాలు, పెరుగు వేడెక్కుతాయి, ఆవిరి ఐస్ అవుతుంది. కానీ "ఎంతసేపైనా" అన్న మాటే కడుపు పాడుచేసేది. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు బాగా పెరుగుతాయి. వండిన అన్నంలో ఉడికినా చావని బ్యాక్టీరియా బీజాలుంటాయి. అన్నం గోరువెచ్చగా ఉండిపోతే అవి మొలకెత్తి విషం వదులుతాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. అందుకే రెండు గంటల్లో ఫ్రిజ్‌లోకి చేరాలంటారు. గది వేడి 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. మే నెలలో మన ఇళ్లలో చాలాసార్లు అర్ధరాత్రి కూడా అంతకన్నా తక్కువ ఉండదు కదా!

దావత్ అయ్యాక మిగిలిన బగారన్నం బగోనాలోనే వదిలేస్తే మధ్యలో తెల్లారేదాకా వెచ్చగానే ఉంటుంది. వెడల్పు పళ్లేల్లోకి పల్చగా పరిచి, ఆవిరి పోగానే చిన్న డబ్బాల్లో సర్ది పెట్టేయండి. ఫ్రిజ్ లోపల 4, 5 డిగ్రీలు ఉండాలి, ఫ్రీజర్‌లో మైనస్ 18. కరెంటు పోతే తలుపు తెరవకండి, నాలుగు గంటల దాకా పర్వాలేదు.

స్టెబిలైజర్, ఎర్తింగ్

ఈ రెండింటినీ ఒకే వాక్యంలో కట్టేయడమే పెద్ద మోసం. స్టెబిలైజర్ ఫ్రిజ్‌ని కాపాడుతుంది, ఎర్తింగ్ మిమ్మల్ని కాపాడుతుంది.

ఇన్వర్టర్ ఫ్రిజ్‌లు వోల్టేజీ హెచ్చుతగ్గుల్ని బాగానే తట్టుకుంటాయి. ఎంత నుంచి ఎంత వరకో పుస్తకంలో ఉంటుంది. మీ ఇంట్లో సప్లై ఆ లోపలే ఉంటే స్టెబిలైజర్‌కి డబ్బులు పెట్టక్కర్లేదు. కానీ గాలిదుమారానికి లైన్ మీద న్యూట్రల్ తెగితే 230 ఉండాల్సిన చోట 400 దాకా వచ్చేస్తుంది. ఆ రోజు వీధిలో టీవీలు, ఫ్యాన్లు, ఫ్రిజ్‌ల బోర్డులు వరుసగా పోతాయి. వోల్టేజీ హద్దు దాటగానే సప్లై కట్ చేసే పరికరం మీటర్ దగ్గర పెట్టిస్తే ఇంటి మొత్తానికి సరిపోతుంది. లైట్లు ఒక్కసారిగా మరీ వెలిగిపోతుంటే మెయిన్ ఆఫ్ చేసి కరెంటోళ్ల కంప్లైంట్ నంబరు 1912కి ఫోన్ చేయండి.

ఎర్తింగ్ విషయంలో మాత్రం రెండో మాట లేదు. వడ్డేపల్లి వైపు ఒక ఇంటికి కూలింగ్ లేదంటే వెళ్లాను. ఫ్రిజ్ ముందు ఒక జత రబ్బరు చెప్పులు విడిచి ఉన్నాయి. వంటింట్లో చెప్పులేంటమ్మా అంటే, "తలుపు తీసేటప్పుడు ఏసుకుంటం బిడ్డా, లేకుంటే జివ్వుమంటది" అంది ఆ పెద్దమ్మ, కొత్త ఫ్రిజ్‌లు అలాగే ఉంటాయన్నట్టు. వెనక చూస్తే ప్లగ్‌కి పై పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, లేదు. రెండు రంధ్రాల ఎక్స్‌టెన్షన్ బాక్సులో పట్టడానికి కొడుకు యాక్సా బ్లేడుతో కోసేశాడు. ఇంట్లో తడికాళ్లతో తిరిగే చిన్నపిల్ల కూడా ఉంది.

ఆ పిన్ను మిగతా రెండింటికన్నా పొడుగ్గా, లావుగా ఉండేది ఊరికే కాదు. పెట్టేటప్పుడు ముందు అదే తగలాలి, తీసేటప్పుడు చివర అదే వదలాలి. లోపల వైరు ఎలుక కొరికినా, కంప్రెసర్ వైండింగ్ లీకైనా, ఆ కరెంటు మీ ఒంట్లోంచి పోకుండా ఆ దారిన భూమిలోకి పోతుంది. ఇన్వర్టర్ మోడల్‌కి అక్కర్లేదన్నది పూర్తిగా తలకిందుల మాట. చాలావాటి లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు మీద కరెంటులోని అలజడిని ఆపే ఫిల్టర్ ఉంటుంది, అది కొద్దిపాటి కరెంటును ఎర్త్‌లోకి వదిలేలా తయారుచేసిందే. ఎర్త్ లేకపోతే ఆ కరెంటు ఫ్రిజ్ రేకు మీదే నిలబడుతుంది. జివ్వుమనడానికి చాలాసార్లు అదే కారణం. కానీ అది ఫిల్టర్‌దో, నిజంగా వైరు లీకైందో చేత్తో ముట్టుకుని తేల్చుకునే సంగతి కాదు.

కొందరు ఎలక్ట్రీషియన్లు చేసే ఒక దొంగ పని కూడా తెలుసుకోండి. ఎర్త్ వైరు లేని ఇంట్లో సాకెట్ లోపలే న్యూట్రల్ నుంచి ఎర్త్ రంధ్రానికి చిన్న ముక్క కలిపేస్తారు. టెస్ట్ లాంపు పెడితే చక్కగా వెలుగుతుంది, మీరు ఎర్తింగ్ ఉందనుకుంటారు. ఆ సాకెట్‌కి వచ్చే న్యూట్రల్ వైరు ఎప్పుడైనా తెగిందో, 230 వోల్టులూ ఫ్రిజ్ తలుపు మీదికి వస్తాయి. అందుకే లాంపు వెలిగిందని ఊరుకోకుండా సాకెట్ విప్పించి చూడాలి. ఎర్త్ గుంత నుంచి వచ్చిన ఆకుపచ్చ వైరు కనిపించాలి. ఉప్పు, బొగ్గు వేసిన పాత గుంతైతే ఎండాకాలం ఎండిపోతుంది, అప్పుడప్పుడు నీళ్లు పోస్తుండండి. దాంతోపాటు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టిస్తే కరెంటు లీకేజీ అంత కాగానే సప్లై తెగిపోతుంది. మామూలు ఎంసీబీ ఆ పని చేయదు, అది ఓవర్‌లోడ్‌కి, షార్ట్ సర్క్యూట్‌కి మాత్రమే.

మీ ఫ్రిజ్ ఇప్పుడు జివ్వుమంటుంటే చెప్పులు వెతుక్కోవద్దు. ప్లగ్ మీద చేయి వేయకుండా ముందు బోర్డు దగ్గర ఎంసీబీ దించేయండి, ఆ తర్వాతే ప్లగ్ తీయండి. ఎర్తింగ్ సరిచేయించి, ఫ్రిజ్‌కి కరెంటు లీకేజీ పరీక్ష చేయించేదాకా దాన్ని మళ్లీ ఆన్ చేయకండి. లోపలున్న పాలూ కూరలూ పక్కింటి వాళ్ల ఫ్రిజ్‌లో పెట్టుకోండి.