‘విలేకరిని అడ్డుకుంటే 50 వేల జరిమానా’ మెసేజి విశాఖలో చెల్లదు

విలేకరి గుంపులో మనిషి కాడు, అతణ్ణి తిట్టినా అడ్డుకున్నా 50 వేల జరిమానా, 3 ఏళ్ళ జైలు, ఇది ప్రెస్ కౌన్సిల్ ఆదేశం, ప్రెస్ కార్డు చూపిస్తే ఎక్కడైనా షూట్ చేసుకోవచ్చు. వాట్సాప్‌లో తెగ తిరుగుతున్న మెసేజి సారాంశం ఇదీ. విశాఖ వీధుల్లో దీన్ని నమ్ముకుని సీఐతో వాదనకు దిగితే నష్టపోయేది విలేకరే.

మొదట పత్రికల తీరును చూసే చట్టబద్ధ సంస్థ ప్రెస్ కౌన్సిల్ సంగతి. ఎవరినైనా జైలుకు పంపే అధికారం గానీ, రూపాయి జరిమానా వేసే అధికారం గానీ దానికి లేదు. 1978 నాటి ప్రెస్ కౌన్సిల్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం అది హెచ్చరించగలదు, మందలించగలదు, తప్పుపట్టగలదు. అదీ పత్రికను, సంపాదకుణ్ణి, విలేకరిని! టీవీ, యూట్యూబ్ ఛానళ్ళు దాని పరిధిలోకే రావు.

మరి ఆ అంకెలు ఎక్కడివి? 2017లో మహారాష్ట్ర చేసిన మీడియా రక్షణ చట్టంలో 3 ఏళ్ళు, 50 వేలు ఉన్నాయి. అది ఆ రాష్ట్రానికే పరిమితం. చిత్రం ఏమిటంటే, మన రాష్ట్రంలోనూ సరిగ్గా అవే అంకెలున్న చట్టం ఒకటుంది, 2008 నాటిది. అయితే అది వైద్య సిబ్బందిపై దాడులకు సంబంధించింది. విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ వార్డులో తోపులాట జరిగితే ఆ సెక్షన్లు విలేకరి మీదికే రావచ్చు.

భావప్రకటన స్వేచ్ఛనిచ్చే రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణం పౌరులందరిదీ. పత్రికా స్వేచ్ఛ అందులోంచే వచ్చిందని సుప్రీంకోర్టు 1950 నుంచీ చెబుతోంది గానీ, విలేకరికి విడిగా హక్కుల పద్దు రాయలేదు. కలెక్టర్ కమిటీ విలేకరులకిచ్చే గుర్తింపు, అంటే అక్రెడిటేషన్‌తో బస్సులో రాయితీ వస్తుంది, నేవల్ డాక్‌యార్డ్ గేటు తెరుచుకోదు. నిషిద్ధ స్థలంలో కెమెరా తీస్తే 1923 అధికార రహస్యాల చట్టం ఉంది. నేరబుద్ధితో ఇంట్లో చొరబడితే బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 329 ఉంది. బండి మీద ‘ప్రెస్’ స్టిక్కర్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

అయితే విలేకరి నిస్సహాయుడేమీ కాడు. జగదాంబ జంక్షన్‌లో ఎవరో కొట్టి, కెమెరా పగలగొట్టారనుకుందాం. ఫిర్యాదు ఎలా రాశారన్నదే ఇక్కడ కీలకం. మామూలు దెబ్బలకు వర్తించే బీఎన్ఎస్ 115(2)లో కోర్టు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. దారికి అడ్డంగా నిలబడి కదలనివ్వకపోతే అది 126(2), దానికి అనుమతి అక్కర్లేదు. రెండూ కలిసి ఉంటే మొత్తం కేసును నేరుగా దర్యాప్తు చేయొచ్చు. చాలా ఫిర్యాదుల్లో ‘కొట్టారు’ అని ఉంటుంది, ‘వెళ్ళనివ్వలేదు’ అన్న మాట నిజంగా జరిగినా రాయరు. స్టేషన్లో కేసు కట్టకుండా జీడీ (జనరల్ డైరీ) ఎంట్రీతో సరిపెట్టేది అందుకే.

కెమెరా పగలగొట్టినందుకు బీఎన్ఎస్ 324. నష్టం 20 వేల నుంచి లక్షలోపైతే 2 ఏళ్ళ దాకా, లక్ష లేదా పైబడితే 5 ఏళ్ళ దాకా శిక్ష. కాబట్టి కొన్న బిల్లు, రిపేరు అంచనా ఫిర్యాదుకు జతచేయాలి. బిల్లు ఆఫీసు పేరున ఉంటే ఆఫీసు నుంచి ఒక లేఖ.

మెమరీ కార్డులో ఒరిజినల్ ఫైలు చెరపకూడదు. వాట్సాప్‌లో పంపిన కాపీ కుదించుకుపోతుంది, ఫైలుకు వేలిముద్ర లాంటి హాష్ విలువ మారిపోతుంది. డిజిటల్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63(4) సర్టిఫికెట్ కోర్టుకు కావాలి. పోలీసులే ఫోను తీసుకుంటే స్వాధీనపు కాగితం అడగండి, మోడల్, ఐఎంఈఐ అందులో ఉన్నాయో లేదో చూసుకోండి.

స్టేషన్లో కేసు కట్టకపోతే బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) 173(4) కింద ఫిర్యాదును పోస్టులో పై అధికారికి, నగరంలోనైతే పోలీసు కమిషనరుకు, పంపి రసీదు దాచుకోండి. అక్కడా కదలిక లేకపోతే 175(3) కింద మేజిస్ట్రేట్ దగ్గర పిటిషన్ వేయాలి. ఆ పిటిషన్‌కు ప్రమాణపత్రం (అఫిడవిట్) తప్పనిసరి, రసీదు అవసరమయ్యేదీ అక్కడే.