బెల్లం ఎంత తిన్నా షుగర్ రాదన్న మాట నిజం కాదు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు తెలుగు ఇళ్లలో కొంతకాలంగా ఒక సందేశం ఫోను నుంచి ఫోనుకు తిరుగుతోంది. పంచదార విషమనీ, బెల్లం ఔషధమనీ, దాన్ని ఎంత తిన్నా షుగర్ రాదనీ, పైగా రక్తం పడుతుందనీ అందులో ఉంది. తీపి మీదకు మనసు పోతోందంటే ఒంట్లో మెగ్నీషియం తగ్గినట్లేననీ, 21 రోజులు పంచదార బదులు బెల్లం వాడితే ఆ యావ దానంతటదే పోతుందనీ కూడా చెబుతోంది. పంచదార తగ్గించమనడం వరకూ మంచి మాటే. మిగిలినవి నమ్మి, షుగర్‌కు మందు వేసుకుంటున్న పెద్దలు సైతం బెల్లం పెంచేస్తున్నారు గనుక వాటిని ఒక్కొక్కటిగా పరిశీలించక తప్పదు.

బెల్లమూ చెరకు రసమే. మిల్లులో ఆ రసం నుంచి మడ్డిని వేరు చేసి స్ఫటికాలు తీస్తే పంచదార అవుతుంది. పెనంలో కాచి మడ్డితో సహా ముద్ద కడితే బెల్లం అవుతుంది. పంచదార దాదాపు అంతా సుక్రోజు అనే చక్కెరే. బెల్లంలో సుక్రోజు, గ్లూకోజు, ఫ్రక్టోజు కలిపి నూటికి 80 పాళ్లకు తక్కువేమీ ఉండవు. వంద గ్రాముల పంచదారలో సుమారు 400 కేలరీలుంటే బెల్లంలో 350 నుంచి 380 వరకు ఉంటాయి. అదే తీపి తేలడానికి బెల్లం కాస్త ఎక్కువే వేస్తాం గనుక ఆ కొద్ది తేడా కూడా మిగలదు. విడి చక్కెరలు, అంటే తిండిలో విడిగా కలిపే తీపి, రోజు మొత్తం శక్తిలో 10 శాతం దాటకూడదని, 5 శాతం లోపుంటే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. 2000 కేలరీలు తినేవారికి అవి 50, 25 గ్రాములు. ఆ లెక్కలో బెల్లంతో పాటు తేనె కూడా చేరుతుంది.

మా దొడ్డమ్మ ఈ సందేశాన్ని నమ్మి టీలో బెల్లం వేసుకున్నారు. మార్గశిర గురువారాల అరిసెలు, ఒడిశా రజ పండుగకు కాల్చి చేసే పిండివంట పోడపిఠా బెల్లంతో చేసినవే కదా అని రోజూ తిన్నారు. రక్తంలో చక్కెర మూడు నెలల సగటు తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో అంకె పెరిగి వచ్చింది. ఆమెకు తిండి మీద అదుపు లేక కాదు, పంచదార మానేశాను గనుక మంచే చేస్తున్నానని నమ్మడం వల్లే ఇలా జరిగింది. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

రక్తం పడుతుందన్నది మరీ ప్రమాదకరం. స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని జాతీయ పోషకాహార సంస్థ 2020 నాటి సిఫార్సు. పది గ్రాముల బెల్లం ముక్కలో సాధారణంగా ఒక మిల్లీగ్రాముకు మించి ఉండదు. ఆ అవసరాన్ని బెల్లంతోనే తీర్చాలంటే రోజుకు పావు కిలో కూడా చాలదు. రక్తహీనత ఉన్న గర్భిణి చేత ఐరన్ మాత్ర మాన్పించి బెల్లం ముక్క పెట్టడం ఆమెకు, బిడ్డకు చేసే అన్యాయం.

మెగ్నీషియం లోపాన్ని శరీరం తీపి రూపంలో అడుగుతుందనడానికి బలమైన ఆధారం లేదు. ఆ ఖనిజం వేరుశనగలో, గుమ్మడి గింజల్లో, ఆకుకూరల్లో దండిగా ఉంటుంది. అయినా సాయంత్రం అయిదింటికి మనసు ఛెనాపోడ (విరిగిన పాలతో కాల్చి చేసే మిఠాయి) మీదకు పోతుంది గాని తోటకూర మీదకు పోదు. పొద్దున సరిగా తినకపోవడం, నిద్ర చాలకపోవడం, టీ వేళకు తీపి అలవాటై ఉండడం, డబ్బా కళ్లెదుటే ఉండడం యావను పెంచుతాయి.

21 రోజుల మాట సంగతీ అంతే. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించి, కొత్త అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు, మనిషిని బట్టి 18 నుంచి 254 రోజులు పట్టవచ్చని తేల్చారు. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా గమనించారు. అయినా పంచదార స్థానంలో బెల్లం పెడితే నాలుకకు అందే తీపి తగ్గనే తగ్గదు, ఇక యావ ఎందుకు పోతుంది?

ఇంట్లో చేయదగినది టీ గ్లాసుతో మొదలవుతుంది. రోజుకు నాలుగు టీలు, టీకి రెండు చెంచాలు అనుకుంటే, చెంచాకు నాలుగు గ్రాముల లెక్కన అక్కడే 32 గ్రాముల పంచదార. రెండు వారాలకోసారి అర చెంచా చొప్పున తగ్గిస్తే నాలుక అలవాటు పడుతుంది. పొద్దున చోడి (రాగి) అంబలిలో బెల్లానికి బదులు మజ్జిగ, ఉల్లిపాయ వేసుకోవచ్చు. సాయంత్రానికి ఉలవ గుగ్గిళ్లో ఘుగునియో (బఠాణీల కూర) సిద్ధంగా ఉంటే తీపి డబ్బా గుర్తుకు రావడం తగ్గుతుంది. పండుగ పిఠాలు మానక్కరలేదు. భోజనం తర్వాత ఒకటి తిని, మిగిలినవి ఇరుగుపొరుగుకు అదే రోజు పంచేయాలి.

ఇక పంచదార విషమన్న మాటా నిజం కాదు, అవసరానికి అదే మందవుతుంది. ఇన్సులిన్ లేదా షుగర్ మాత్రలు వాడేవారికి ఒక్కొక్కసారి రక్తంలో చక్కెర పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి. స్పృహలో ఉండి మింగగలిగితే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి వెంటనే తాగించాలి, పదిహేను నిమిషాలకు మళ్లీ పరీక్షించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి.